రుచిలో మనమే టాప్.. మరి ఎగుమతిలో?

2025 మే నెల. మన దేశం నుంచి విమానాల్లో వెళ్లిన 15 మామిడి కన్‌సైన్‌మెంట్లను అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఆపేశారు. పండు కుళ్లిందనో, పురుగు పట్టిందనో కాదు.. రేడియేషన్ పత్రాల్లో తప్పులున్నాయని! వెనక్కి తెప్పించుకుంటే ఖర్చు ఇంకా ఎక్కువ. దాంతో సరకును అక్కడే వదిలేసుకోవాల్సి వచ్చింది. నష్టం సుమారు 5 లక్షల డాలర్లు.

ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మామిడి పండించేది మనమే. ఏటా 2 కోట్ల టన్నుల పైమాటే. మరి బయటికి వెళ్తున్నదెంత? 2023-24లో తాజా పండ్ల ఎగుమతి సుమారు 32 వేల టన్నులు. అంటే వెయ్యి కాయల్లో ఒకటో రెండో! అదే మెక్సికో ఏటా 3 లక్షల టన్నులకు పైగా పంపుతోంది.

మెక్సికో నుంచి వెళ్లే రకాల్లో ‘టామీ అట్కిన్స్’ ఒకటి. పీచు ఎక్కువ, తీపి తక్కువ. బంగినపల్లి తిన్న నోటికి చప్పగానే ఉంటుంది. కానీ తొక్క మందం. తొందరగా నలగదు, ఎక్కువ రోజులు ఆగుతుంది. పైగా అమెరికా పక్కనే కాబట్టి లారీలో వెళ్లిపోతుంది. మన పండుకేమో విమానం చార్జీలే తడిసి మోపెడు.

అసలు విలన్ ఇంకొకరున్నారు.. పండు ఈగ. తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే లోపల పురుగులు! ఆ ఈగ తమ తోటల్లోకి వస్తుందేమోనని కొనే దేశాల భయం. 2014లో యూరోపియన్ యూనియన్ మన మామిడిని నిషేధించింది ఇందుకే. ఆ నిషేధం 2015లో తొలగింది.

ఈ ఈగ సమస్యకు మెక్సికో కాయలను 46 డిగ్రీల వేడినీళ్లలో గంటకు పైగా ముంచుతుంది. అమెరికాకు వెళ్లే మన పండ్లకు రేడియేషన్ ఇవ్వాలి. కరోనా సమయంలో అమెరికా ఇన్‌స్పెక్టర్లు రాలేకపోవడంతో ఎగుమతులే నిలిచిపోయాయి. 2022లో గానీ మళ్లీ మొదలవలేదు. అదే ఏడాది ముంబై నుంచి ఓడలోనూ మామిడిని పంపారు. విమానంతో పోలిస్తే ఓడ చవక. కానీ వారాల తరబడి పండు చెడకుండా ఉండాలంటే కోత నుంచి కంటైనర్ దాకా చల్లదనం తప్పకూడదు.

దీంతో మనకేం పని అంటారా? సీజన్‌లో కాయంతా ఒకేసారి మార్కెట్‌కొస్తే ధర పడిపోతుంది. 2025లో చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురికి గిట్టుబాటు కాక, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వమే కలపాల్సి వచ్చింది. బయటి మార్కెట్ పెరిగితే రైతుకు ఇంకో దారి దొరుకుతుంది.

మీ ఇంట్లో మామిడి తోట ఉందా? ఈసారి పిందె దశ దాటాక కాయలకు కవర్లు తొడిగి చూడండి. ఈగ దరిచేరదు, తొక్కపై మచ్చలూ తగ్గుతాయి. ఎగుమతి ఆలోచన ఉంటే ఉద్యానశాఖ అధికారిని కలిసి, అపెడా హార్టీనెట్‌లో తోటను రిజిస్టర్ చేయించండి. బంగినపల్లి విదేశీ ప్రయాణం ఆ పేపర్ పని దగ్గరే మొదలవుతుంది.