కుక్కపిల్ల చదువు

చండ్రుగొండ పేరు మీరు విన్నారో లేదో! ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన మండలం అది. ఊరు దాటితే టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవి. అడవి అంచున చేలు, చేల గట్ల మీద పొదలు. తెల్లవారుతుండగా ఆ పొదల్లోంచి కౌజు పిట్ట కూత గట్టిగా వినిపిస్తుంది. కూత వినిపిస్తుందే గాని పిట్ట కనిపించదు. దాని బూడిద, గోధుమ రంగుల ఒళ్లు ఎండుగడ్డిలో కలిసిపోతుంది. అలికిడి అయితే పొదల చాటున పరుగెత్తుతుంది. దారి దొరక్కపోతే కాళ్ల దగ్గర్నుంచే బుర్రుమని లేచి గుండె ఝల్లుమనిపిస్తుంది.

మన కంటికి దొరకని ఆ పిట్టను ఏడాది నిండని కుక్క పసిగడుతుంది. తల ఎత్తి, ముక్కు పొదకేసి తిప్పి, ముందుకాలు ఒకటి గాలిలో ఉంచి, తోకయినా ఆడించకుండా బిగుసుకుపోయిందనుకోండి. దాని యజమాని ఆ సాయంత్రం నాలుగిళ్లకూ వెళ్లి చెప్పుకోకుండా ఉంటాడా? "అంతా నేను నేర్పిందే" అంటాడు. పక్కింటాయన ఒప్పుకోడు. "నువ్వు నేర్పేదేమిటి? దాని తల్లీ అంతే. రక్తంలో ఉంది" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఈ ప్రశ్న పాతదే. పిట్ట వాసన తగలగానే కదలకుండా నిలబడి చోటు చూపించే కుక్కలను ఐరోపాలో కొన్ని వందల ఏళ్లుగా ఏరి ఏరి పెంచారు. వాటిలో పేరు పొందినది పాయింటర్ జాతి. 1859లో వెలువడిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథంలో ఛార్లెస్ డార్విన్ వీటి ప్రస్తావన తెచ్చాడు. పాయింటర్ పిల్లల్లో కొన్ని, మొట్టమొదటిసారి బయటికి తీసుకువెళ్లిన రోజే, ఎవరూ నేర్పకుండానే అలా ఆగి నిలబడతాయట. అలాంటి సంగతి ఒకటి తాను కళ్లారా చూశానని కూడా రాశాడు. తన యజమానికి సాయం చేస్తున్నానని ఆ పిల్లకు తెలియదు. సీతాకోకచిలుక క్యాబేజీ ఆకు మీద గుడ్లు ఎందుకు పెడుతుందో దానికి తెలియనట్టే, ఇదీ అంతే అన్నాడాయన. మీ పాఠ్యపుస్తకంలో 'సహజాత ప్రవృత్తి' అని చదువుకుంటారే, అదే ఇది.

అయితే ఈ గుణం ఎక్కడి నుంచి వచ్చింది? తోడేలు వేటను గమనించండి. ముందు వాసనో చప్పుడో పట్టుకుంటుంది. కన్నార్పకుండా చూస్తుంది. నక్కి నక్కి దగ్గరవుతుంది. తరుముతుంది, పట్టుకుంటుంది, చంపుతుంది. ఇది ఒక గొలుసు. మనిషి కుక్కలను పెంచుతూ ఈ గొలుసును ఒక్కో జాతిలో ఒక్కో చోట తెంపాడు. పాయింటర్‌లో 'నక్కడం' దగ్గర గొలుసు ఆగి బిగుసుకుంది. రిట్రీవర్ అనే జాతి పడిన పిట్టను నోట కరుచుకుని తెస్తుంది గాని పంటిగాటు పడనివ్వదు. మన తెలుగునాట కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను తోలిన జోనంగి కుక్కనే తీసుకోండి. అది తరమాలి, కరవకూడదు! చేపల చెరువులు పెరిగి ఆ పని తగ్గాక జోనంగులూ తగ్గిపోయాయి.

చండ్రుగొండ ఊరికుక్కకు ఇలాంటి వంశావళి ఏమీ లేదు. అయినా దూకబోయే ముందు ఒక్క క్షణం ఆగడం ఏ కుక్కలోనైనా ఉంటుంది. పిల్లిలోనూ, నక్కలోనూ చూడవచ్చు. పాయింటర్‌లో ఆ క్షణం నిమిషాల దాకా సాగుతుంది, ఊరికుక్కలో రెప్పపాటులో అయిపోతుంది. యజమాని చేయగలిగిందల్లా ఆ రెప్పపాటును సాగదీయడం. కాబట్టి పక్కింటాయన చెప్పింది సగం నిజం. మిగిలిన సగం మాటేమిటి?

కుక్కపిల్ల చదువు మనం అనుకునే దానికన్నా ముందే మొదలవుతుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక పుస్తకం ప్రచురించారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్లకు అతి ముఖ్యమైన కాలమని వారు తేల్చారు. అక్కడే జరిగిన ఒక ప్రయోగంలో కొన్ని పిల్లలను పద్నాలుగు వారాల దాకా మనిషి చెయ్యి తగలకుండా పెంచారు. అవి ఆ తర్వాత మనిషిని చూస్తే అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. కళ్లు తెరిచిన పిల్లను చంకలో వేసుకుని తిరిగే చిన్నపిల్లలే, తమకు తెలియకుండా, ఆ కుక్కకు మొదటి పాఠం చెబుతున్నారన్నమాట.

తర్వాత పెద్దవాళ్ల వంతు. విదేశాల్లో శిక్షకులు కర్రకు దారం కట్టి, దాని చివర పిట్ట రెక్క వేలాడదీసి పిల్ల ముందు ఆడిస్తారు. రెండు నెలల పిల్ల ఆ రెక్కను చూసి ఠక్కున ఆగుతుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. కానీ తొందరపడకండి! అది కంటితో చూసి ఆగింది, ముక్కుతో కాదు. ఆ ఆట ఎక్కువైతే కుక్క కళ్లనే నమ్ముకుంటుంది. గడ్డిలో కనిపించని పిట్ట దగ్గర కళ్లు ఎందుకూ పనికిరావు.

అసలు కష్టమైన పాఠం వేరే ఉంది. పిట్టను పసిగట్టడం కుక్కకు నేర్పనక్కరలేదు. పిట్ట లేచినప్పుడు వెంటపడకుండా ఉండడం నేర్పాలి. పొడవాటి తాడు కట్టి, "ఆగు" అని, ఆగిన మరుక్షణం మెచ్చుకోవాలి. ఆలస్యమైతే తనను దేనికి మెచ్చుకున్నారో కుక్కకు తెలియదు. ముప్పై గజాల దూరంలో నిలబడిన కుక్క నోటికి ఆ క్షణంలో రొట్టెముక్క ఎలా అందించడం? అందుకే ముందు ఇంటి దగ్గర "భళా" అన్న మాట వెంట రొట్టెముక్క పెడుతూ పోవాలి. కొన్నాళ్లకు "భళా" అన్న మాటే కుక్కకు రొట్టెముక్కంత అవుతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కల లాలాజలం మీద చేసిన ప్రయోగాల్లో బయటపడిన 'నిబంధన' ఇదే. కొట్టి నేర్పితే? కుక్క ఆగుతుంది, నిజమే. కాని పిట్ట వాసన తగిలితే దెబ్బలు పడతాయని కూడా నేర్చుకుంటుంది. తర్వాత పొద దగ్గరకే వెళ్లదు.

ఇక ముక్కు సంగతి. వాసనలను గుర్తించే గ్రాహకాలకు సంబంధించి పనిచేసే జన్యువులు మనకు సుమారు 400 ఉంటే కుక్కకు సుమారు 800 ఉన్నాయి. అంతకన్నా విశేషం గాలి నడిచే దారి. కుక్క పీల్చిన గాలిలో సుమారు ఎనిమిదో వంతు విడిపోయి, ముక్కు వెనుక భాగంలో వాసన కోసమే ఉన్న అరలోకి పోతుంది. 1996లో నార్వే శాస్త్రజ్ఞులు పిట్టలు వెతికే కుక్కల ముక్కులో, నోటిలో గాలి ఒత్తిడిని అవి పరుగెత్తుతుండగానే కొలిచారు. తల ఎత్తి పరుగెత్తే కుక్క ఒక్కోసారి 40 సెకన్ల దాకా ముక్కుతో లోపలికే గాలి లాగుతూ ఉందట! ఆలోపు కనీసం ముప్పైసార్లు ఊపిరి తీసి వదిలింది. వదలడమంతా నోటితోనే. అంటే వాసన తీగ తెగకుండా చూసుకుందన్నమాట. ఆశ్చర్యంగా లేదూ? మీరూ ఒకసారి ప్రయత్నించండి, చేతకాదు.

నోరు తెరిచి రొప్పే కుక్కకు మాత్రం ఈ విద్య సాగదు. ఖమ్మం వైపు ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండ ఎలాంటిదో అక్కడివాళ్లకు వేరే చెప్పాలా! ఆ వేళ కుక్క పిట్టను దాటి వెళ్లిపోయిందంటే దాని చదువుకు లోటేమీ లేదు.

పిట్ట మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు నేల మీద గూడు పెట్టే ఉల్లంకి జాతి పిట్టలను పరిశీలించారు. పిట్టలు ఈకలకు పూసుకునే మైనం, గుడ్లు పొదిగే రోజుల్లో మారిపోతుంది. త్వరగా ఆవిరి కాని రకం తయారవుతుంది. శిక్షణ పొందిన ఒక కుక్కకు రెండు రకాలూ వాసన చూపితే ఈ రెండో రకాన్ని పట్టుకోవడం దానికి కష్టమైంది. ఈ ఫలితం 2005లో ప్రచురితమైంది.

మన కౌజు కూడా నేల మీదే గుంట చేసి గుడ్లు పెడుతుంది. దారి తప్పిన ఒక్క కుక్క గూటినంతా ఖాళీ చేయగలదు. విత్తనాల పండుగకు ముందు వేటకు వెళ్లడం కోయల్లో పాత ఆచారం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్నిటిని లైసెన్సు మీద వేటాడనిచ్చేవారు, 1991 సవరణతో అదీ పోయింది. మరి కుక్క ముక్కుకు పని లేనట్టేనా?

న్యూజిలాండ్‌లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1894లో రిజల్యూషన్ దీవికి సంరక్షకుడయ్యాడు. ఎగరలేని కాకపో చిలుకలను, కివీలను వెతికి ఆ దీవికి చేర్చడం ఆయన పని. అవి రాత్రిపూట తిరిగే పక్షులు, మనిషికి చిక్కవు. ఆయన తన కుక్క మూతికి చిక్కం, మెడకు గంట కట్టి దాని వెంట నడిచాడు. కొన్నేళ్లలో 500కు పైగా పక్షులను క్షేమంగా తరలించాడు. పాపం, 1900లో ముంగిస లాంటి స్టోట్ అనే జంతువు ఈదుకుంటూ ఆ దీవికి చేరింది. ఆయన శ్రమంతా వృథా అయింది. పద్ధతి మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఆ దేశంలో శిక్షణ పొందిన కుక్కలు మూతికి చిక్కంతో కివీలను వెతుకుతున్నాయి.

మీ కుక్కపిల్ల ముక్కును ఇంటి పెరట్లోనే పరీక్షించవచ్చు. మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఒకదాని కింద కోడి ఈక పెట్టండి. సరైన చిప్ప దగ్గర ఆగితే "భళా" అని గుడ్డుముక్క ఇవ్వండి. ఈక ఎక్కడుందో మీకు తెలియకూడదు, మీ స్నేహితుడు పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఎందుకంటారా? బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు మోగిపోయింది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి చూస్తే, అది ప్రశ్న అడిగినవారి తల కదలికను చూసి ఆగుతోందని తేలింది. యజమానికి మోసం చేసే ఉద్దేశమే లేదు! మీ కుక్క కూడా ఈకను వదిలి మీ మొహాన్ని చదవగలదు.

రోజుకు ఆరుసార్ల చొప్పున ఐదు రోజులు చేసి కాగితం మీద రాసుకోండి. అదృష్టం మీదే 30కి 10 దాకా రావచ్చు. 18 దాటితే మీ కుక్కపిల్ల గురించి నాలుగిళ్లకూ చెప్పుకోవచ్చు. చిప్పలను మాత్రం మారుస్తూ ఉండండి. నిన్న ఈక దాచిన చిప్పకు ఇవాళ కూడా వాసన ఉంటుంది.