సైకిలు టైరు: సన్ననిదా, వెడల్పయినదా?

నిరుడు వర్షాలు వెనుకబట్టిన తరువాత నా సైకిలు వెనుక టైరు అరిగి, లోపలి నైలాను పోగులు బయటపడ్డాయి. నాది హ్యాండిలు క్రిందికి వంగిన రోడ్డు సైకిలు. బజారుకు పోతున్న విద్యార్థిని పిలిచి, "టైరు మీద 28 అని ఉన్నది, అటువంటిదే ఒకటి తెచ్చి పెట్టు" అన్నాను. సాయంకాలానికి అతడు తెచ్చినది మన ఊళ్లలో పాలవాళ్లు తొక్కే నల్ల సైకిలు టైరు. షాపువాని తప్పు లేదు, విద్యార్థి తప్పూ లేదు. దాని మీద కూడా 28 అనే ఉన్నది. తప్పు భౌతికశాస్త్రం బోధించే నాది. ప్రమాణం చెప్పకుండా అంకె మాత్రం చెప్పాను. పరీక్షలో ఇట్లా వ్రాసిన వానికి నేనే మార్కు తగ్గిస్తాను.

నా పాత టైరు మీది 28 మిల్లీమీటర్లు, అది టైరు వెడల్పు. నల్ల సైకిలు టైరు మీది 28 అంగుళాలు, అది గాలి నిండిన టైరు యొక్క బయటి వ్యాసం. ఈ చిక్కు తొలగించడానికే ఇప్పుడు ప్రతి టైరు ప్రక్కన మరొక గుర్తును కూడా అచ్చు వేస్తున్నారు. నా టైరు మీద అది 28-622 అని ఉన్నది. మొదటి అంకె వెడల్పు. రెండవది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట కొలిచిన వ్యాసం. రెండూ మిల్లీమీటర్లే. నల్ల సైకిలు టైరు మీద చూడండి, 40-635 అని కనిపిస్తుంది. వ్యాసంలో తేడా 13 మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. చుట్టుకొలతలో అది 41 మిల్లీమీటర్లు అవుతుంది. టైరు అంచులోని ఉక్కు తీగ సాగేది కాదు. ఆ తీగ వదులుగా ఉన్న టైరులో గాలి కొడితే అది రిమ్మును వదలి బయటకు వస్తుంది. నడిరోడ్డు మీద వస్తే ప్రమాదం.

రోడ్డు సైకిళ్ల టైర్లకు 700 సి అనే పేరు కూడా ఉన్నది. ఇది ఫ్రాన్సు దేశపు పాత పద్ధతి. ఒకప్పుడు టైరు బయటి వ్యాసం 700 మిల్లీమీటర్లు ఉండేది. నేటి 28 మిల్లీమీటర్ల టైరుకు లెక్క కట్టండి: 622కు రెండు వైపులా 28 చొప్పున కలిపితే 678. ఇందులో 700 ఎక్కడా లేదు. కనుక షాపులో అడుగవలసినది 622 అనే అంకెను.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కొలత కుదిరిన టైర్లలో సన్ననిది కొనాలా, వెడల్పయినది కొనాలా? గాలి ఎంత కొట్టాలి? సన్నని టైరులో గాలి బిగించి కొడితే సైకిలు వేగంగా పోతుందని మా విద్యార్థులలో నూటికి తొంభై మంది నమ్ముతారు. నేనూ చాలాకాలం అట్లాగే నమ్మాను.

టైరు మన బరువును ఎట్లా మోస్తున్నదో ముందు చూద్దాం. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలనుకుంటే, వెనుక చక్రం మీద సుమారు 45 కిలోల బరువు, అనగా 440 న్యూటన్ల బలం పడుతుంది. ఆ బరువును మోసేది ముఖ్యంగా లోపలి గాలి పీడనమే. 90 పి.ఎస్.ఐ. గాలి ఉంటే చదరపు సెంటీమీటరుకు 62 న్యూటన్లు. 440ని 62 చేత భాగిస్తే సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. టైరు రోడ్డును తాకే మేర ఇంతే, అగ్గిపెట్టె మీది బొమ్మలో సగం కూడా లేదు! 60 పి.ఎస్.ఐ.కి తగ్గిస్తే అది సుమారు 10.7 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఇది తరగతిలో చేసి చూపవచ్చును. టైరుకు సిరా పూసి, క్రింద గ్రాఫు కాగితం ఉంచి, ఒకరిని సైకిలు మీద కూర్చోబెట్టి, పడిన ముద్రలోని చదరాలు లెక్కపెట్టాలి. పంపు మీటరు చూపిన పీడనంతో ఆ వైశాల్యాన్ని గుణిస్తే చక్రం మీది బరువు దాదాపుగా వస్తుంది. కచ్చితంగా రాదు, టైరు గోడలు కూడా కొంత బరువు మోస్తాయి గనుక.

ఈ లెక్కలో టైరు వెడల్పు ప్రసక్తి రాలేదని గమనించారా? పీడనం ఒకటే అయితే సన్నని టైరూ వెడల్పు టైరూ దాదాపు ఒకే వైశాల్యంతో రోడ్డును తాకుతాయి. తేడా ఆ ముద్ర ఆకారంలో ఉన్నది. సన్నని టైరు ముద్ర దోసగింజ వలె పొడవుగా ఉంటుంది. వెడల్పు టైరు ముద్ర పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. ముద్ర పొడవైనకొద్దీ టైరు లోతుగా నొక్కుకుపోవాలి, దాని గోడలు ఎక్కువగా వంగాలి.

వంగితే నష్టమేమిటి? రబ్బరును సాగదీయడానికి మనం ఖర్చు చేసిన శక్తిని, వదలినప్పుడు అది పూర్తిగా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారి పోతుంది. దీనిని శైథిల్యం అంటారు. రబ్బరు పట్టీని పది పన్నెండుసార్లు గబగబ సాగదీసి పెదవికి తాకించుకుంటే వెచ్చదనం తెలుస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరులోని ప్రతి భాగమూ ఒకసారి వంగి మరల లేస్తున్నది. సైకిలు దొర్లడానికి అడ్డు వచ్చే బలంలో అధిక భాగం ఇదే. రోడ్డు రాపిడి కాదు.

ఈ నష్టం ఎంత? మంచి టైరుకు దొర్లుడు ఘర్షణ గుణకం 0.004 ప్రాంతంలో ఉంటుంది. మొద్దు టైరుకు 0.008 దాకా పోతుంది. 80 కిలోల బరువుతో గంటకు 20 కిలోమీటర్లు పోతే మొదటిదానికి 17 వాట్లు, రెండవదానికి 35 వాట్లు ఖర్చు. ఆయాసం లేకుండా తొక్కే మనిషి ఇచ్చేది ఎనభై, వంద వాట్లకు మించదు. అందులో 18 వాట్లు టైరు వేడెక్కడానికే పోతున్నవంటే చిన్న విషయం కాదు.

అయితే గాలి బాగా బిగిస్తే టైరు తక్కువ వంగుతుంది, నష్టం తగ్గుతుంది కదా? ప్రయోగశాలలో నునుపైన ఉక్కు పీపా మీద టైరును దొర్లిస్తే ఈ మాట నిజమే. మన రోడ్డు ఉక్కు పీపా కాదు. కంకర తేలిన తారురోడ్డు మీద బిగిసిన టైరు ప్రతి రాతికీ ఎగిరిపడుతుంది. రాయిని టైరు మింగకపోతే సైకిలూ మనిషీ కలిసి పైకి లేవాలి. ఆ అదురు మన చేతుల్లో, నడుములో, కండల్లో ఇంకి వేడిగా మారుతుంది. ఆ శక్తి ఎక్కడినుండి వచ్చింది? మనం తొక్కిన తొక్కుడు నుండే. కనుక ఒక హద్దు దాటి గాలి కొడితే నష్టం తగ్గడం మాని పెరుగుతుంది. రోడ్డు ఎంత గరుకైతే ఆ హద్దు అంత క్రిందికి దిగుతుంది.

ఈ సంగతి గాలి టైరు పుట్టిన నాడే తేలినది. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పొందాడు గాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు రబ్బరు గొట్టాలు చుట్టి గాలి నింపాడు. అప్పటి సైకిళ్లన్నిటికీ గట్టి రబ్బరు పట్టీలే. ఆ ఉబ్బు టైర్లను చూసి జనం నవ్వారు. 1889 మే నెలలో విల్లీ హ్యూమ్ వాటితో బెల్‌ఫాస్టు పందేలు గెలిచేసరికి నవ్వు ఆగింది. గట్టిదానిని మెత్తనిది ఓడించింది. చిత్రమేమంటే, తరువాతి పందెగాళ్లు క్రమంగా సన్నని, బిగువైన టైర్ల వైపే పోయారు. 2000 తరువాతి మొదటి సంవత్సరాలలో 23 మిల్లీమీటర్లు పరిపాటి. 2020 తరువాత టూర్ ద ఫ్రాన్స్ వంటి పందేలలో 28, 30 మిల్లీమీటర్ల టైర్లు సామాన్యమైనాయి.

వెడల్పయిన టైరులో గాలి ఎందుకు తగ్గించాలో చెప్పి ముందుకు పోతాను. టైరు గోడలోని తన్యత పీడనం మీద, టైరు గుండ్రని కోత వ్యాసార్థం మీద ఆధారపడుతుంది. రెంటి లబ్ధం ఒకటైతే బిగువు ఒకటే. 25 మిల్లీమీటర్ల టైరులో 90 పి.ఎస్.ఐ. అనుకోండి, 25ను 90తో గుణిస్తే 2250. 32 మిల్లీమీటర్ల టైరులో 70 అయితే 2240. బొటనవ్రేలితో నొక్కితే రెండూ ఒకే విధంగా ఉంటాయి. వ్రేలికి తెలిసేది బిగువే గాని పీడనం కాదు. అందుచేత వ్రేలిని నమ్మక మీటరు గల పంపును నమ్మండి. మొత్తం 80 కిలోలకు వెనుక చక్రంలో 25 మిల్లీమీటర్ల టైరుకు 85–90, 28కి 70–75, 32కు 55–60 పి.ఎస్.ఐ. తో మొదలుపెట్టి, బరువునుబట్టి, రోడ్డునుబట్టి సవరించుకోవచ్చును. ముందు చక్రానికి కొంచెం తక్కువ చాలు. మరీ తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ నడుమ ట్యూబు నలిగి, పాము కాటు వలె ప్రక్కప్రక్కన రెండు చిల్లులు పడతాయి.

ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉదయం 27 డిగ్రీల వద్ద 80 పి.ఎస్.ఐ. కొట్టిన టైరు మధ్యాహ్నం ఎండలో 57 డిగ్రీలకు వేడెక్కితే పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి, అనగా పదో వంతు పెరిగింది. వాతావరణ పీడనాన్ని కలుపుకొని గుణించి, మరల తీసివేస్తే మీటరు సుమారు 89 చూపుతుంది. పదో తరగతి పిల్లలకు ఇది చక్కని లెక్క.

టైరు మీది గాళ్ల విషయంలో ఒక భ్రమ ఉన్నది. గాళ్లు లేకపోతే వానలో జారుతుందంటారు. కారు టైరు వేగంలో నీటి మీద తేలిపోయే మాట నిజమే. నాసాలో 1960లలో విమాన టైర్ల మీద జరిగిన పరిశోధనలవల్ల తేలినదేమనగా, అట్లా తేలే వేగం నాట్లలో, పీడనపు వర్గమూలానికి సుమారు తొమ్మిది రెట్లు. 81 పి.ఎస్.ఐ.కి 81 నాట్లు, గంటకు 150 కిలోమీటర్లు! సైకిలు ఆ వేగం అందుకోలేదు. పైగా దాని టైరు గుండ్రంగా ఉండి నీటిని ప్రక్కలకు తోసివేస్తుంది. తారురోడ్డు మీద నున్నని టైరే మేలు. వానలో పట్టు ఇచ్చేది రబ్బరు మిశ్రమం. సిలికా కలిపిన మిశ్రమాలు తడిలో బాగా పట్టుతూ, శక్తినీ తక్కువగా పోగొడతాయి. బురదబాట అయితే గాళ్లు కావలసిందే.

మన ప్రాంతంలో అసలు శత్రువు తుమ్మముల్లు. దానికి విరుగుడుగా టైరు నడుమ ఆరమిడ్ వంటి గట్టి పోగుల పట్టీ వేస్తారు. ఈ పట్టీ ముల్లును ఆపుతుంది, కాని టైరును మందం చేస్తుంది. మందమైనది వంగితే శక్తి ఎక్కువ పోతుంది. గోడలోని నేత విషయమూ ఇంతే. అంగుళానికి 120 పోగుల సన్నని నేత మెత్తగా వంగుతుంది, త్వరగా చిరుగుతుంది. 60 పోగుల నేత మొరటుగా ఉండి మన్నుతుంది. తేలికగా దొర్లుతుంది, ముల్లు దిగదు, చవక అనే మూడు గుణాలూ ఉన్న టైరును నేనింతవరకు చూడలేదు. రోజూ కళాశాలకు పోయేవాడు నాలుగైదు వాట్లు పోయినా సరే, పట్టీ ఉన్నదే కొనాలని నా అభిప్రాయం. మొదటి గంట పాఠం ఉన్ననాడు దారిలో పంక్చరు వేసుకుంటూ కూర్చున్నవానికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

కొనేముందు సైకిలులో చోటు కొలవాలి. టైరుకూ ఫోర్కుకూ, బ్రేకుకూ మధ్య అన్ని వైపులా కనీసం నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే అంటుకువచ్చిన చిన్న రాయి చక్రాన్ని పట్టేస్తుంది. లోపలి అంచున కొక్కెం వంటి వంపు లేని కొత్తరకం రిమ్ములు కూడా వచ్చాయి. వీటికి తగునని తయారీదారు చెప్పిన టైర్లనే వేయాలి. 5 బార్లకు, అనగా 72 పి.ఎస్.ఐ.కి మించి గాలి కొట్టరాదు.

టైరు ఎప్పుడు మార్చాలి? పోగులు కనబడినప్పుడు, ఎక్కడైనా బుడిపె లేచినప్పుడు, ప్రక్కగోడ బీటలు వారినప్పుడు ఆలోచించనక్కరలేదు. బీటలకు గాలిలోని ఓజోను ఒక కారణం. అది రబ్బరు అణువుల గొలుసులను తెంపుతుంది. అందువల్ల తొక్కకుండా మూల పెట్టిన సైకిలు టైరు కూడా చెడిపోతుంది.

వెనుక టైరు మీద బరువు ఎక్కువ, తొక్కుడు బలమూ దాని ద్వారానే పోతుంది. కాబట్టి ముందుదానికంటె చాలా త్వరగా అరుగుతుంది. అయినా కొత్త టైరును వెనుక వేయకూడదు. వెనుక టైరు పేలితే సైకిలు ఊగుతుంది, ఆపుకోవచ్చును. ముందుది పేలితే హ్యాండిలు మన మాట వినదు. ముందు టైరును తీసి వెనుకకు వేసి, కొత్తదానిని ముందు బిగించాలి. నేను 32 వేయాలని ఆశపడ్డాను గాని, కొలిస్తే బ్రేకు క్రింద చోటు చాలలేదు. పట్టీ గల 28-622 ముందు వేసి, 65 పి.ఎస్.ఐ. కొట్టాను. ఆ నల్ల సైకిలు టైరును మా కళాశాల అటెండరుకు ఇచ్చాను. అతని సైకిలుకు అది సరిగ్గా కూర్చున్నది.