3.4 నిఘా విమానంలోని రహస్య పరికరాలు: శత్రువు చేతికి చిక్కితే రక్షణ ఎలా?

ఈ భాగం చదివిన తరవాత, పరికరం పోయినా రహస్యం ఎలా నిలుస్తుందో మీరు వివరించగలుగుతారు.

3.4.1 రహస్యం ఎక్కడ ఉంటుంది?

మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం చీకట్లో చూపునిచ్చే పరికరాలను తయారుచేస్తుంది. ఇదే సంస్థ మన నౌకాదళ పి-8ఐ నిఘా విమానాలకు సమాచార వ్యవస్థలను కూడా అందించింది. రాత్రిచూపు పరికరం శత్రువుకు దొరికితే విప్పి చూస్తాడు. దాని నిర్మాణమే దాని రహస్యం. సందేశాలను సంకేతాలుగా మార్చే యంత్రం అలా కాదు. దాని రహస్యం 'కీ' అనే అంకెల వరసలో ఉంటుంది. యంత్రం శత్రువుకు చిక్కినా ఇబ్బంది కలగకూడదని కెర్కాఫ్స్ 1883లోనే సూత్రీకరించాడు. బీరువా తాళం ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలుసు; మీ బీరువాను కాపాడేది మీ దగ్గరున్న తాళంచెవే.

3.4.2 హైనాన్ ఘటన

2001 ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రంపై అమెరికా ఇ.పి-3ఇ నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ మరణించాడు. దెబ్బతిన్న ఇ.పి-3ఇ 24 మందితో హైనాన్ దీవిలో దిగింది. దొరికిన కొద్ది నిమిషాల్లో సిబ్బంది గొడ్డలితో పరికరాలను పగలగొట్టారు, కాగితాలు చించారు, వేడి కాఫీ కూడా పోశారు. అయినా అన్నిటినీ నాశనం చేయలేకపోయారు. పెట్టె పగిలినా లోపలి మెమరీ చిప్ చెక్కుచెదరకపోవచ్చు. సిబ్బంది 11 రోజుల తరవాత విడుదలయ్యారు. విమానం జులైలో విడిభాగాలుగా తిరిగొచ్చింది.

3.4.3 రక్షణ పద్ధతులు

1. ఆ ప్రయాణానికి అవసరమైన కీలు, పత్రాలు మాత్రమే వెంట తీసుకువెళ్లడం.
2. ఒక్క మీట నొక్కితే కీలన్నీ చెరిగిపోయే ఏర్పాటు.
3. పెట్టె మూత తెరిస్తే కీ తనంతట తానే చెరిగిపోవడం.
4. సేకరించిన సమాచారాన్ని సంకేత రూపంలోనే నిల్వ చేయడం. అప్పుడు డిస్కు పగలగొట్టనక్కరలేదు, కీ చెరిపితే చాలు.
5. విమానం చిక్కిందని తెలియగానే మిగిలిన కేంద్రాలన్నిటిలో కీలు మార్చడం.

3.4.4 పరిమితి

1968లో ఉత్తర కొరియా అమెరికా నిఘా నౌక ప్యూబ్లోను, అందులోని సంకేత యంత్రాలను పట్టుకుంది. కీలు మారిస్తే ప్రమాదం ఉండకూడదు. కానీ అమెరికా నౌకాదళంలో పనిచేసిన జాన్ వాకర్ 1960ల చివర్లోనే కీల పట్టికలను సోవియట్లకు అమ్మడం మొదలుపెట్టాడు. 1985లో గాని పట్టుబడలేదు. కాబట్టి కీని కాపాడే మనిషి నమ్మకమైనవాడు కాకపోతే పై అయిదు పద్ధతులూ వృథాయే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రాత్రిచూపు పరికరానికీ, సంకేత యంత్రానికీ రహస్యం విషయంలో తేడా ఏమిటి?
2. హైనాన్ ఘటనలో 4వ పద్ధతి అమలై ఉంటే సిబ్బంది పని ఎలా తేలికయ్యేది?