ఉద్యోగం మానినా వదలని సంతకం

ఊరూరా ఇప్పుడు ఒకే తీరు బోర్డులు వెలుస్తున్నాయి. కాఫీ దుకాణం కానివ్వండి, మందుల షాపు కానివ్వండి, బోర్డు మీది పేరు ఒకరిది, పెట్టుబడి మరొకరిది. ఈ ఏర్పాటునే ఫ్రాంచైజీ అంటున్నారు. మన పిల్లలు అటువంటి చోట్ల మేనేజర్లుగా, గుమాస్తాలుగా చేరుతున్నారు. చేరేనాడు ఒక కాగితాల కట్ట ఇచ్చి సంతకం చేయమంటారు. ఈ కొలువు మానిన తరువాత రెండేళ్ళపాటు ఇదే రకం వ్యాపారంలో మరెక్కడా పనిచేయరాదని అందులో ఒక మూల షరతు ఉంటే? ఉద్యోగం దొరికిన సంబరంలో దాన్ని చదివేదెవరు?

యజమాని భయం బొత్తిగా అకారణమనలేము. ధరల లెక్కలు, తయారీ రహస్యాలు తెలిసిన మేనేజరు ఎదుటి దుకాణంలో కూర్చుంటే నష్టమే. కాని రొట్టె కోసే కుర్రవాడికి తెలిసిన రహస్యమేమిటి?

అమెరికాలో జిమ్మీ జాన్స్ అనే శాండ్విచ్ దుకాణాల సంస్థ అట్టి కుర్రవాళ్ళ చేత కూడా సంతకాలు చేయించుకున్నది. మానిన తరువాత రెండేళ్ళ వరకు, తమ దుకాణం ఏదైనా ఉన్నచోటికి మూడు మైళ్ళలోపు, రాబడిలో పదోవంతుకు మించి శాండ్విచ్‌ల మీద గడించే మరో దుకాణంలో చేరరాదట! 2016లో ఇల్లినాయ్ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కగా, ఆ యేడే సంస్థ ఆ షరతు వదులుకుని లక్ష డాలర్లు చెల్లించింది.

ఇంతకన్న చిత్రం మరొకటున్నది. ఒకే పేరుతో నడిచే దుకాణాలవారు ఒకరి పనివారిని మరొకరు చేర్చుకోరాదని యజమానుల ఒప్పందంలోనే రాసుకున్నారు. పనివాడికి ఆ సంగతే తెలియదు. అక్కడి పెద్ద ఫ్రాంచైజీ సంస్థల్లో నూటికి 58 ఇట్లా రాసుకున్నవేనని 2017లో క్రూగర్, ఏషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. తాను జీతం పెంచడు, పెంచేవాడి దగ్గరికి పోనివ్వడు. గడ్డివామి దగ్గర కుక్క సామెత గుర్తుకు రావడం లేదూ? 2018లో మెక్‌డొనాల్డ్స్ మొదలైన ఏడు సంస్థలు వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఒత్తిడికి తలవొగ్గి ఈ నియమం ఎత్తివేయడానికి ఒప్పుకున్నాయి.

మరి మన దేశంలోనో? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ఉద్యోగికి పెట్టని కోట. న్యాయమైన వృత్తి గాని వ్యాపారం గాని చేసుకోకుండా మనిషిని అడ్డగించే ఒప్పందం ఆ మేరకు చెల్లదని దాని సారాంశం. ఒప్పందకాలం ముగిసిన తరువాత కూడా సాగే నిర్బంధం చెల్లదని 2006లో క్రికెట్ ఆటగాడు జహీర్ ఖాన్ వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే కొలువులో ఉన్నన్నాళ్ళ మాట వేరు. అయిదేళ్ళకు ఒప్పుకుని టైరుదారం కంపెనీలో చేరి, నడుమనే పోటీ కంపెనీకి పోయిన ఉద్యోగిని, ఆ గడువు తీరేదాకా అక్కడ అట్టి పని చేయరాదని 1967లో అదే కోర్టు కట్టడి చేసింది. మూడేళ్ళు నిండకుండా మానితే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతు కూడా చెల్లుతుందని 2025లో తీర్పు వచ్చింది. రహస్యాలు బయటపెట్టరాదన్న షరతును మానిన తరువాత కూడా పాటించవలసిందే.

చిక్కేమిటంటే, కోర్టులో నిలవని షరతు కూడా ఇంట్లో భయపెట్టగలదు. వకీలు నోటీసు ఒకటి వస్తే చాలు, మంచి జీతం వచ్చే చోటును వదులుకుని కూర్చునే పిల్లలుంటారు. కనుక పెద్దలు చేయవలసిన పని చిన్నదే. సంతకానికి ముందు ఆ కాగితం ఇంటికి తెమ్మనండి. ఏ షరతు ఉద్యోగంలో ఉన్నంతవరకు, ఏది మానిన తరువాత, డబ్బు కట్టవలసినదేమైనా ఉన్నదా అని చూడండి. నకలు ఒకటి పెట్టెలో దాచండి. యజమాని గుట్టు యజమానిదే. పిల్లవాడు నేర్చిన పని మాత్రం పిల్లవాడిది.