రాయినీ రాయినీ కలిపే రసాయనం

సముద్రంలో ప్రవాళ భిత్తికలను అతికి నిలబెట్టే పని ప్రకృతే చూసుకుంటుంది. పగడపు జీవులు కాల్షియం కార్బొనేట్‌తో గూళ్లు కట్టుకుంటాయి. అలల తాకిడికి విరిగిన ముక్కల మీద గులాబీ రంగు కోరలైన్ శైవలాలు పొరలుగా పాకి, వాటిని ఒకదానికొకటి బిగిస్తాయి. సందుల్లో సముద్రజలం నుంచి ఖనిజ స్ఫటికాలు పేరుకుని మిగిలిన ఖాళీలను పూడుస్తాయి. ఇదంతా ఎన్నో ఏళ్ల పని. ఇంట్లో సముద్రపు అక్వేరియం ఏర్పాటు చేసుకునేవారు ఈ పనిని ఒకటి రెండు రోజుల్లో పూర్తి చేయాలి. దానికి కావలసింది మంచి జిగురు ఒక్కటే కాదు; రాయి స్వభావం, బరువు తీరు, జిగురు గట్టిపడే విధానం కూడా తెలిసి ఉండాలి.

ఇందుకు వాడవలసినది ఎండు రాయి. అంటే పూర్వకాలపు భిత్తికల నిక్షేపాల నుంచి నేల మీద తవ్వి తీసినది, లేదా కృత్రిమంగా తయారుచేసినది. మన దేశంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి రక్షణ కల్పించారు. అందుకే సముద్రంలోని భిత్తికను ముట్టుకోకుండా దాని అందాన్ని ఇంట్లో నిలుపుకోవడానికి ఎండు రాయి దారి చూపుతుంది.

మొదట బరువు సంగతి. ఈ రాయిలో ముఖ్య ఖనిజమైన అరగొనైట్ సాంద్రత సుమారు 2.9; సముద్రజలానిది 1.025. రంధ్రాల నిండా నీరు చేరాక, బయట 10 కిలోలు తూగిన రాయి నీటిలో ఆరున్నర కిలోలే తూగుతుంది. బరువు తగ్గినప్పుడు రాళ్ల మధ్య ఘర్షణ కూడా తగ్గుతుంది. బయట కదలకుండా ఉన్న పేర్పు నీటిలో పంపు ప్రవాహానికో, సముద్రపు ముళ్లజీవి తోపుడుకో జారవచ్చు. రాతిగోడ కట్టే మేస్త్రీ రాయి కుదురుగా కూర్చుందని చూసుకున్నాకే సున్నం పూస్తాడు. ఇక్కడా అదే క్రమం పాటించాలి. ప్రతి రాయీ కనీసం మూడు చోట్ల ఆనాలి, గరిమనాభి ఆ మూడు బిందువుల నడుమ పడాలి. అడుగు రాళ్లు ఇసుక మీద కాక తొట్టి అడుగునే ఆని ఉండాలి. లేకపోతే ఇసుక తవ్వే రొయ్యలు, చేపలు పునాదిని బోలు చేస్తాయి.

ఇక జిగురు. సూపర్ గ్లూలోని సయనోఅక్రిలేట్‌ను 1942లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం గుర్తించింది. 1958లో అది విపణిలోకి వచ్చింది. ఉపరితలం మీది తేమ తగలగానే దాని అణువులు గొలుసులుగా కలిసి గట్టిపడతాయి. కానీ పలుచని పొరగా ఉన్నప్పుడే అది త్వరగా, బలంగా పట్టుకుంటుంది. గరుకు రాళ్ల మధ్య సందులు పెద్దవి. అందుకే జెల్ రకం గ్లూ పూసి, రాళ్లను నొక్కి పట్టి, సందులో రాతిపొడి చల్లుతారు. రేణువులు ఖాళీని నింపుతాయి, వాటి నడుమ గ్లూ పలుచని పొరలుగా సర్దుకుంటుంది. వంట సోడా చల్లితే దాని క్షారగుణం వల్ల గట్టిపడటం ఇంకా వేగంగా సాగుతుంది. క్షణాల్లో సందు వేడెక్కి, ఘాటైన ఆవిరి లేచి, తడి మెరుపు పోయి అతుకు తెల్లగా బిగుసుకుంటుంది. ఆ ఆవిరి కళ్లకు, ముక్కుకు మంచిది కాదు. గాలి ఆడే చోటే పని చేయాలి. దూదికి, నూలుబట్టకు గ్లూ తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

రెండు భాగాలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ నీటిలోనూ గట్టిపడుతుంది, సందులను బాగా నింపుతుంది. పట్టు మాత్రం తక్కువ. అందుకే పుట్టీ ముద్దకు రెండు వైపులా జెల్ గ్లూ రాసి అతికితే, నింపే గుణమూ పట్టే గుణమూ కలిసి వస్తాయి. పెద్ద బరువులకు సిమెంటు అనువైనది. అయితే అది గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ విడుదలై నీటి పీహెచ్ 12 దాటవచ్చు. సముద్రజలం పీహెచ్ 8.2 దరిదాపుల్లో ఉంటుంది. కట్టడాన్ని మంచినీటిలో నానబెట్టి, నీరు మారుస్తూ, పీహెచ్ పెరగడం ఆగాకే తొట్టిలో పెట్టాలి. వేలాడే కొనలకు రాతిలో రంధ్రం చేసి ఫైబర్‌గ్లాస్ లేదా యాక్రిలిక్ కడ్డీ దూర్చాలి. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది.

రాయి పనికివచ్చేది దాని రంధ్రాల వల్లనే. పైపొరల్లోని బ్యాక్టీరియా విషపూరితమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి పొరల్లో మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా విడగొడతాయి. రాయంతా జిగురు పూస్తే ఈ ద్వారాలు మూసుకుపోతాయి. ఆనే చోట్లకే జిగురును పరిమితం చేయాలి, రాళ్ల వెనుక, కింద నీరు పారే దారులు వదలాలి.

కట్టడాన్ని తొట్టి బయటే, అడుగు కొలతలు గీసిన అట్ట మీద పూర్తి చేయండి. ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత కొనలు పట్టి మెల్లగా ఊపి చూడండి. కదిలిన అతుకును అప్పుడే సరిచేయండి. నీరు నిండి, జీవులు చేరాక రాయి కూలితే అద్దం పగలవచ్చు, ప్రాణాలు పోవచ్చు. మన పోషణలో ఉన్న జీవుల భద్రత మన బాధ్యత. అది మొదటి అతుకు దగ్గరే మొదలవుతుంది.