చెరిగిపోయిన లెక్క తిరిగి వచ్చిన వైనం

మార్కుల పట్టికల దగ్గరనుంచి ప్రాజెక్టు రిపోర్టుల దాకా ఈనాడు అన్నీ కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. అవి దాచి ఉంచే యంత్రాన్ని స్టోరేజి నోడ్ అంటారు. పేరు గంభీరంగా ఉన్నా, అది అనేక డిస్కులు బిగించిన ఒక కంప్యూటరు, అంతే! ఒక డిస్కు పోతే పక్కవి ఆదుకునే ఏర్పాటు అందులో ఉంటుంది. కాని యంత్రమే పడిపోతే? లేక మనిషి చేతిమీదుగానే ఫైళ్ళన్నీ చెరిగిపోతే? "స్నాప్‌షాట్లున్నాయి కదండీ!" అని మా లాబ్‌లో చాలామంది ధీమాగా అంటూ ఉంటారు. ఆ ధీమా ఎంతవరకు చెల్లుతుందో చెప్పాలని నా ప్రయత్నం.

హాస్టల్ మెస్ లెక్కల పుస్తకం తీసుకోండి. మేనేజరు ఏ పేజీలోనూ కొట్టివేతలు చెయ్యడనుకుందాం. బియ్యం లెక్క మారితే కొత్త పేజీలో రాసి, ముందున్న విషయసూచికలో 12వ పేజీ బదులు 47వ పేజీ అని వేస్తాడు. ఒకటో తారీఖున ఆ విషయసూచిక ఒక్కదానికే నకలు తీసి దాచాడనుకోండి. పాత పేజీలు చింపనంతకాలం ఆనాటి లెక్క యావత్తూ మళ్ళీ చదవవచ్చు. స్నాప్‌షాట్ అంటే ఇదే. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ తీరునే పనిచేస్తుంది. అందుకే ఎన్ని ఫైళ్ళున్నా స్నాప్‌షాట్ తీయడానికి క్షణం చాలు. లినక్సులోని ఎల్‌వీఎమ్ పద్ధతి కొంచెం వేరు. అది పాత రాతను చెరిపేముందు దానిని తీసి ప్రత్యేకంగా కేటాయించిన చోట పెడుతుంది. ఆ చోటు నిండిందా, స్నాప్‌షాట్ ఇక పనికిరాదు.

ఇక్కడే ఉంది చిక్కంతా. ఫైలు చెరిగిపోతే అదే యంత్రంలో ఉన్న స్నాప్‌షాట్ ఆదుకుంటుంది. డిస్కులన్నీ పోతే మాత్రం, పుస్తకమే కాలిపోయాక సూచిక చేతిలో ఉండి ఏం లాభం? స్నాప్‌షాట్‌ను పేజీలతో సహా మరో యంత్రానికి పంపి ఉండాలి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఏమి జరిగిందో చూడండి. ప్రోగ్రాములు రాసేవారు తమ రాతలు దాచుకునే చోటు అది. ఆ రాత్రి ప్రధాన డేటాబేసు సర్వరుకూ, దానికి ప్రతిరూపంగా ఉండే రెండో సర్వరుకూ పొంతన తప్పింది. రెండోదానిని ఖాళీచేసి తిరిగి నింపుదామని కూర్చున్న ఇంజనీరు, చెరిపే ఆజ్ఞను పొరపాటున ప్రధాన సర్వరు మీద ఇచ్చాడు. ఒకటి రెండు క్షణాల్లోనే గ్రహించి ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లు మాయం!

సరే, బ్యాకప్పులో? డేటాబేసు 9.6 వెర్షను, బ్యాకప్పు తీసే ప్రోగ్రాము 9.2. రెండింటికీ పొసగక బ్యాకప్పే రావడం లేదు. ఆ సంగతి తెలియజేసే ఈమెయిళ్ళు కూడా తిరస్కరింపబడుతున్నాయట! (ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాపరికం లేకుండా లోకానికి చెప్పింది. అందుకు వారిని మెచ్చుకోవాలి.) చివరకు ఆదుకున్నది ఒక ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు వేరే పరీక్షకోసం చేత్తో తీసి, ప్రయోగాలకు వాడే మరో సర్వరు మీదికి చేర్చినది. మామూలుగా అయితే అది 24 గంటలకొకసారి తీసేది. ఆ సర్వరు డిస్కులు నెమ్మదివి కావడంతో, నకలు వెనక్కు తేవడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల, 5,000 వ్యాఖ్యల, 700 మంది కొత్త సభ్యుల వివరాలు దక్కలేదు. ప్రోగ్రాముల రాతలు వేరేచోట ఉండబట్టి వాటికేమీ కాలేదు.

ఇక మన దగ్గర జెడ్‌ఎఫ్‌ఎస్ నోడ్ ఒకటి పడిపోయిందనుకుందాం. మొదట చూడవలసింది, పోయినది డిస్కులా, మదర్‌బోర్డా అని. మదర్‌బోర్డే అయితే అదృష్టమే. డిస్కులు ఊడదీసి మరో యంత్రానికి తగిలించి, ఇంపోర్ట్ అనే ఆజ్ఞ ఇస్తే స్నాప్‌షాట్లతో సహా అంతా వచ్చేస్తుంది. డిస్కులే పోతే, కొత్త డిస్కుల మీద కొత్త పూల్ తయారుచేసి, పక్క యంత్రానికి పంపి ఉంచిన స్నాప్‌షాట్‌ను అక్కడ సెండ్, ఇక్కడ రిసీవ్ ఆజ్ఞలతో తెచ్చుకోవాలి. రోజువారీ పంపేటప్పుడు రెండు స్నాప్‌షాట్ల మధ్య తేడా మాత్రమే పంపితే చాలు గనుక అది తేలికే. వెనక్కు తెచ్చేటప్పుడు మాత్రం మొత్తం రావాలి. నెట్‌వర్కు వేగాన్నిబట్టి గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. వచ్చాక స్క్రబ్ చేయించాలి. అంటే ప్రతి ముక్కనూ చదివించి, దాని చెక్‌సమ్‌తో సరిచూడడం. లోపల డేటాబేసు ఉంటే మరో సంగతి. నడుస్తుండగా తీసిన స్నాప్‌షాట్, దానికి కరెంటు పోయిన క్షణంలాంటిది. అది తన లాగ్ చూసుకుని సర్దుకునేదాకా ఎవరినీ వాడనీయకూడదు.

మా లాబ్‌లో సెమిస్టరు సెలవుల్లో ఒక పాత కంప్యూటరు మీద ఇదంతా చేసి, ఎన్ని గంటలు పట్టిందో గోడమీద రాసి పెడుతున్నాము. నేర్చుకోదలచిన జూనియర్లు సెలవులకు ఊరెళ్ళకముందే ఒకసారి కనిపిస్తే సంతోషిస్తాను.