ఎనిమిది ప్రాణాలు నిలిపిన చెక్క

వేసవి సెలవుల్లో మా క్యాజువాలిటీకి వచ్చే కేసుల్లో నన్ను బాగా కుంగదీసేవి నీట మునిగిన పిల్లలవే. ఓసారి ఇద్దరు అన్నదమ్ములను తీసుకొచ్చారు. చెరువులో తమ్ముడు కాలు జారి పడితే, కాపాడాలని అన్న దూకేశాడు. అతనికీ ఈత రాదు. తమ్ముడు బతికాడు, అన్న దక్కలేదు. అప్పటి నుంచి ‘పిల్లలకు ఈత నేర్పించమంటారా డాక్టర్‌గారూ?’ అని అడిగేవారికి ఒకాయన కథ చెబుతుంటాను. ఆయన పేరు డ్యూక్ కహానమోకు.

సముద్రమే బడి

డ్యూక్ 1890లో హవాయి దీవుల్లోని హొనొలులూలో పుట్టాడు. తండ్రి పోలీసు ఉద్యోగి. వైకీకీ తీరంలో అలల మధ్యే పెరిగాడు. 1911లో హొనొలులూ ఓడరేవులో జరిగిన పోటీలో 100 గజాలను 55.4 సెకన్లలో ఈదేశాడు. అప్పటి ప్రపంచ రికార్డు కన్నా ఇది 4.6 సెకన్లు తక్కువ. అమెరికా క్రీడాధికారులు నమ్మలేదు, రికార్డుగా గుర్తించలేదు. డ్యూక్ వాదనకు దిగలేదు. మరుసటి ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచాడు.

మొదటి ప్రపంచ యుద్ధంతో 1916 ఒలింపిక్స్ రద్దయ్యాయి. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారేమో! ఆయన సాధన మానలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో, ముప్ఫయ్యో ఏట మళ్లీ అదే పోటీలో స్వర్ణం. రిలేలో మరొకటి. 1924లో పారిస్‌లో జానీ వైస్‌ముల్లర్ చేతిలో ఓడి రజతం అందుకున్నాడు. కాంస్యం గెలిచింది డ్యూక్ సొంత తమ్ముడు శామ్యూల్!

చెక్క మీద నిలబడి అలలపై జారుతూ వచ్చే సర్ఫింగ్ హవాయి ప్రజల పాత ఆట. ఈత ప్రదర్శనలకు వెళ్లిన చోటల్లా డ్యూక్ దాన్నీ చూపించేవాడు. 1914 డిసెంబరులో సిడ్నీ దగ్గరి ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో, అక్కడ దొరికిన పైన్ కలపతోనే బోర్డు చెక్కుకుని అలలపై స్వారీ చేశాడు. ఆస్ట్రేలియాలో సర్ఫింగ్ ఊపందుకోవడానికి ఆ ప్రదర్శన ఎంతో తోడ్పడింది. టోక్యో ఒలింపిక్స్‌తో ఆ ఆట పతకాల జాబితాలోకీ చేరింది.

అన్నిటికన్నా పెద్ద గెలుపు

ఒక వైద్యుడిగా నాకు పతకాల కన్నా ముఖ్యమనిపించేది 1925 జూన్ 14. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ దగ్గర పెద్ద అలలకు ‘థెల్మా’ అనే పడవ బోల్తా కొట్టింది. ఒడ్డునున్న డ్యూక్ తన సర్ఫింగ్ బోర్డుతో నీళ్లలోకి దిగాడు. మునిగిపోతున్నవారిని దాని మీదికి చేర్చి ఒడ్డుకు తెచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఆ రోజు 17 మంది చనిపోయారు. బతికిన 12 మందిలో ఎనిమిది మందిని కాపాడింది ఆయనే.

గమనించండి. అంతటి ఒలింపిక్ విజేత కూడా ఉత్త చేతులతో వెళ్లలేదు! నీట మునుగుతున్న మనిషి భయంతో దొరికినదాన్నల్లా గట్టిగా వాటేసుకుంటాడు. కాపాడబోయినవారినీ లోపలికి లాగేస్తాడు. తేలే వస్తువు అందిస్తే ఇద్దరూ బతుకుతారు.

ఇవి గుర్తుంచుకోండి

* ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దు. కేకలేసి జనాన్ని పిలవండి. పొడవాటి కర్ర, తాడు, చీర అందించండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను, ట్యూబు లాంటివి విసరండి.
* బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీసి తిప్పడం వద్దు. విలువైన నిమిషాలు పోతాయి. కడుపులోని నీళ్లు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదమూ ఉంది.
* శ్వాస లేకపోతే తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదండి. ఆపై ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఆపొద్దు.
* తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాల్సిందే. కొందరికి కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవుతుంది.
* నాలుగేళ్లు నిండిన పిల్లల్లో చాలామంది ఈత నేర్చుకోగలరు. శిక్షకుడి దగ్గరే నేర్పించండి. ఫిట్స్ ఉన్న పిల్లలైతే ముందుగా డాక్టరును అడగండి. ఈత వచ్చినా పెద్దలు పక్కన లేకుండా నీళ్లలోకి పంపొద్దు.

డ్యూక్ 1968లో, 77 ఏళ్ల వయసులో గుండెపోటుతో కన్నుమూశాడు. అస్థికలను వైకీకీ సముద్రంలోనే కలిపారు. మన పిల్లలు ఒలింపిక్స్‌కు వెళ్లకపోయినా ఫర్వాలేదు. నీళ్లలో పడితే తేలడం, ఇంకొకరు పడితే ఏం అందించాలో తెలిసి ఉండటం... ఈ రెండూ వస్తే చాలు. ఆ అన్నకు రెండోది తెలిసి ఉంటే, ఆ రోజు ఇద్దరూ ఇంటికి వెళ్లేవారేమో.